దాణా బకెట్టు

గల్ఫ్‌లో వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, ఆ కఫీల్ కొడుకు జాసిం అమెరికా నుంచి నాలుగు తెల్లతోక లేళ్ళను తెప్పిస్తే, మూడు తొలి వేసవికే చచ్చిపోయాయి. నాలుగోదాన్ని వంటమనిషి దుర్గవ్వ తడి గోనెలు కప్పి, వంటింటి నీడన పెట్టి బతికించింది. ఆమె బకెట్టు తడితే చాలు, ఖర్జూరపు తోటలో ఏ మూలనున్నా తోక లేపుకుని వచ్చేది.

ఆ శుక్రవారం దాన్నే విందుకు కొయ్యాలన్నాడు జాసిం. అదీ అతిథులు చూస్తుండగా బాణంతో కొట్టాలట. తోటపని చేసే ముత్తన్నకు, దుర్గవ్వ మొగుడికి, ఆ పని చెప్పాడు.

"నీ చేతులెట్లొస్తయయ్యా?" అంది దుర్గవ్వ.

"నేను ఎయ్యకుంటే ఆయినె ఏస్తడు. ఆయినె బాణం గోడకు గూడ సక్కగ తాకది. ఏడనో తాకి లేడి మూడు దినాలు తన్నుకుంట సస్తది." ఖానాపూర్ అడవిలో తండ్రి వెంట వేటాడినవాడు ముత్తన్న. "అడ్డం నిలవడితేనే ఇడుస్త. ఎదురుంగ ఉంటే ఇడువ. పక్కనుంచి గుండెల దిగి ఒక్క దెబ్బకు పానం పోవాలె."

సాయంత్రం అతిథులు కుర్చీల్లో కూర్చున్నారు. లేడి ముత్తన్నకు అడ్డంగా నిలబడలేదు. రోజూ గడ్డి కోసిపెట్టే మనిషి కదా, మూతి చాచుకుని నేరుగా అతని మీదికే వచ్చింది. అతను విల్లు దించాడు. వెనక్కి నడిచి మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ వచ్చింది. అతిథులు పగలబడి నవ్వారు.

"యల్లా, తొందరగా కానివ్వు ముత్తన్న భాయ్! పెళ్ళి చేసుకుంటావా దాన్ని?" అంటూ జాసిం లేచి విల్లు కోసం చెయ్యి చాపాడు.

వంటింటి గడపలోంచి దుర్గవ్వ ఇదంతా చూసింది. నేను పిలిస్తే ఇటు తిరుగుతుంది, అడ్డం దొరుకుతుంది అనుకుంది. బకెట్టు కోసం వంగింది. సరిగ్గా అప్పుడే లేడి రాలిన ఖర్జూరం కోసం తనంతట తానే అడ్డం తిరిగింది. ముత్తన్న బాణం వదిలాడు. బకెట్టు మోగింది. లేడి వంటింటివైపు ఎగిరింది.

బాణం పొట్టలో దిగింది. లేడి గింగిరాలు తిరిగి చెట్లలోకి పారిపోయింది.

మనుషులు కేకలు వేస్తూ వెతికారు. అడుగుల చప్పుడు వినబడినకొద్దీ అది ఇంకా లోపలికి పోయింది. ఎక్కడో సన్నగా మూలుగు. మిగతావాళ్ళను ఆపి ముత్తన్న వంటింటికొచ్చాడు. దాని గొంతు కోయడానికి కసాయి కత్తి అతని చేతిలో ఉంది. పెళ్ళాం మొహం చూడలేదు.

"బకెట్టు కొట్టు," అన్నాడు.

"నాతోటి కాదయ్యా."

"మనుషులకు చిక్కదు. నీకే వస్తది. బాధ పడుతున్నది, దుర్గా."

ఆమె కొట్టింది. మొదటి దెబ్బకు చప్పుడే రాలేదు. మళ్ళీ కొట్టింది.

చెట్ల సందులోంచి లేడి వచ్చింది. కాళ్ళీడుస్తూ, తోక వేలాడేసుకుని, నేరుగా ఆమె దగ్గరికే వచ్చి ఖాళీ బకెట్టులో మూతి పెట్టింది. దాణా వేయలేదని దుర్గవ్వకు అప్పుడు గుర్తొచ్చింది.