బాణం ఏ వైపు

నా చేతి పనికి వంక పెట్టిన మనిషి ఇంతవరకు పుట్టలేదని పదేళ్లుగా డబ్బా కొట్టుకుంటున్నాను. అందుకే ఆ ఉదయం కింది అంతస్తు కంట్రోల్ గదిలో తెర మీది గీతల్ని నమ్మలేక రెండుసార్లు సరిచూసుకున్నాను.

నేను మెకానిక్‌గా పనిచేసేది పన్నెండు అంతస్తుల ఆసుపత్రిలో. డాబా మీద, పట్టాలపై నలభై టన్నుల ఇనుప దిమ్మ ఉంటుంది. భూకంపం వస్తే భవనం ఊపుకు ఎదురుగా మోటార్లు దాన్ని తోస్తాయి. ఎంత బలంగా తోయాలో ప్రోగ్రాం ప్రతి కుదుపు నుంచీ తనే నేర్చుకుంటుంది. అరగంట క్రితం చిన్న ప్రకంపన వచ్చింది. ఊపు తగ్గాల్సింది పోయి రెట్టింపైంది.

"ప్రోగ్రాం ఇంకా సర్దుకుంటోందిలే," అన్నారు ఇంజనీరు గారు టీ తాగుతూ. "ఇంకో రెండు కుదుపులొస్తే అదే దారికొస్తుంది."

రాదని నాకు తెలుసు. భవనం ఎటు ఊగుతోందో చెప్పే సెన్సర్‌ని ముందురోజు మార్చింది నేనే. దూలం కింద వెల్లకిలా పడుకుని, బాణం గుర్తు నా కుడివైపుకి పెట్టి బిగించాను. పడుకున్నవాడి కుడి, నిలబడ్డవాడి ఎడమ అని అప్పుడు తట్టలేదు. ప్రోగ్రాం బలం నేర్చుకుంటుంది గానీ, దిక్కు మాత్రం సెన్సర్ చెప్పిందే నమ్ముతుంది. అంటే భవనం ఎటు ఒరిగితే దిమ్మ దాన్ని అటే తోస్తోంది.

పదకొండో అంతస్తులో మా అక్క ఉంది. రాత్రే పొట్టకి ఆపరేషన్ అయింది, కదిలించకూడదన్నారు.

"ఆపేద్దాం సార్," అన్నాను.

"ఇలాంటప్పుడు ఆపమంటావేంటయ్యా? దిమ్మని ఆపే తాళం తిప్పితే పుస్తకంలో కారణం రాయాలి. ఏం రాయమంటావ్?"

తప్పు నాదేనని చెప్పాలంటే తల కొట్టేసినట్టైంది. గుట్టుచప్పుడు కాకుండా పైకెళ్లి సెన్సర్‌ని సరిగ్గా తిప్పేసి వస్తే సరిపోతుంది కదా అనుకుని తలుపుదాకా వెళ్లాను. లిఫ్టులు ఆపేశారని అప్పుడు గుర్తొచ్చింది. మెట్లెక్కితే ఎంతసేపు పడుతుంది? నా పాడు బుర్ర ఇంకా లెక్కలేస్తూనే ఉంది. ఇంతలో బల్ల మీద కప్పు గలగలలాడింది.

"సెన్సర్ తిరగేసి పెట్టాను సార్. తప్పు నాదే."

ఆయన ఒక్క ఉదుటున లేచి తాళం తిప్పారు. ఆలోపే దిమ్మ మూడుసార్లు తోసింది. గోడలు కిరకిరలాడాయి. దిమ్మ ఆగాక భవనం మెల్లగా కుదుటపడింది.

మెట్లన్నీ పరుగున ఎక్కాను. అక్క మంచం గోడకి కొట్టుకుని కుట్లు ఊడిపోయాయట. మళ్లీ ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. బయట బావ నేల మీద కూలబడి ఉన్నారు. ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

సాయంత్రానికి అక్క కళ్లు తెరిచింది. నా చెయ్యి పట్టుకుని, "నీ మిషనే లేకపోతే ఈపాటికి పోయేదాన్నిరా," అంది.

"ఆ మిషన్ వల్లే ఇలా అయిందక్కా. నేనే తప్పుగా బిగించాను. ముందే తెలిసింది. చెప్పడానికి సిగ్గేసింది."

"ఎంతసేపు సిగ్గుపడ్డావ్?"

"నాలుగు నిమిషాలు."

నా చెయ్యి వదిలేసి, అటువైపు తిరగబోయింది. కుట్లు తిరగనివ్వలేదు.