పులికి తాత

నవనీత ఫోన్ చేసినప్పుడు నేను గ్రానైటు పలకల మధ్య నిలబడి, వంటగట్టుకు నలుపు బాగుంటుందా ఆకుపచ్చ బాగుంటుందా అని గంట నుంచి తేల్చుకోలేకపోతున్న భార్యాభర్తలతో వేగుతున్నాను. కోదాడలో హైవే పక్కన ఉన్న ఆ దుకాణంలో నాకిది పదకొండో ఏడు. నేను జియాలజీ చదివానని మా ఓనరుకు తెలుసు. "మావాడు రాళ్ళ మీదే ఎమ్మెస్సీ చేశాడండీ" అని వచ్చిన ప్రతి కస్టమరుకూ చెప్తాడు. వాళ్ళు నవ్వుతారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాలి, అది కూడా నా డ్యూటీలో భాగమే.

నవనీత నా క్లాస్‌మేట్. ఇప్పుడు హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో శిలాజాల మీద పనిచేస్తుంది. పదహారేళ్ళలో ఆమె నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. ముందురోజు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పాత ఫీల్డ్ ట్రిప్ ఫొటోలు పెడుతుంటే, నేనూ ఊరుకోలేక ఒకటి పెట్టాను. ఎర్రటి రాయిలోంచి సగం బయటికి పొడుచుకొచ్చిన పన్ను, పక్కన కొలతకు పెట్టిన రూపాయి బిళ్ళ. బాగున్నావా అని కూడా అడగకుండా ఆమె నేరుగా విషయానికొచ్చింది.

"ఉపేందర్, ఆ పన్ను ఇంకా నీ దగ్గర ఉందా?"

ఉందన్నాను. అంచు మీద రంపానికి ఉన్నట్టు సన్నటి గాట్లు కనిపిస్తున్నాయి, అవి నిజమేనా అంది. వేలు పెడితే గీరుకుంటుంది అన్నాను. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆ వైపు రాళ్ళలో ఆకులు మేసే పెద్ద పెద్ద డైనోసార్ల ఎముకలు దొరికాయి గానీ, వాటిని చంపి తిన్న పెద్ద జంతువు ఆనవాళ్ళు చాలా తక్కువట. ఆ గాట్లను మైక్రోస్కోపు కింద కొలిస్తే అది ఎలాంటి జంతువో తేల్చవచ్చట. పేపరు మీద నా పేరు ముందు పెడతానంది. అక్కడ వెతకడానికి మూడేళ్ళ ప్రాజెక్టుకు దరఖాస్తు పెడుతున్నానని, ఈ పన్ను చూపిస్తే అది తప్పకుండా వస్తుందని, ఫీల్డ్ పనికి నన్నే తీసుకుంటానని కూడా అంది.

ఫోన్ పెట్టేసి వెనక్కి వచ్చేసరికి ఆ భార్యాభర్తలు ఇంకా అక్కడే ఉన్నారు. ఏదైనా ఒకటే, రెండూ రాళ్ళే కదా తీసుకోండి అన్నాను. వాళ్ళు ముఖాలు చూసుకొని వెళ్ళిపోయారు. పోతే పోనీ అనుకున్నాను. ఆరోజు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ పన్ను నాకు దొరికిన తీరు గురించి ఎవరికీ నిజం చెప్పలేదు. ఎమ్మెస్సీ రెండో ఏడు మా సారు మమ్మల్ని ఆసిఫాబాద్ వైపు తీసుకెళ్ళాడు. సాయంత్రం అందరూ బస్సెక్కుతుంటే నేను వాగులో కాళ్ళు కడుక్కోవడానికి దిగాను. గట్టు రాయిలో నల్లబెల్లం రంగులో ఏదో మెరిసింది. ఫొటో తీసుకొని, సుత్తితో చుట్టూ కొట్టి తీస్తే నా చూపుడువేలంత పన్ను. ఎవరికి ఏది దొరికినా సారుకు ఇవ్వాలి, అది పద్ధతి. ఇస్తే మర్నాటి నుంచి అది సారుది. నేను టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించాను. పీహెచ్‌డీలో చేరి నా పేరు మీదే బయటపెడతానని అనుకున్నాను. ఆ ఎండాకాలమే మా నాయిన వీరయ్య పొలంలో పడిపోయి మళ్ళీ లేవలేదు. పీహెచ్‌డీ అక్కడితో ఆగిపోయింది. కాలేజీల్లో ఉద్యోగం అడిగాను, మా దగ్గర జియాలజీ లేదన్నారు. చివరికి రాళ్ళమ్మే దుకాణం దొరికింది. నా చదువుకు మిగిలిన రుజువు ఆ పన్నొక్కటే.

దాన్ని పెన్‌పహాడ్‌లో మా అమ్మ బీరువాలో దాచాను. కిరాయి ఇళ్ళు మారేవాణ్ణి, ఎక్కడ పోతుందోనని భయం. ఇదేందిరా అని అమ్మ అడిగితే డైనోసార్ అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నాకు నోరు ఆగదు కదా. "పులి ఉంటది సూడు, దానికి తాతది. దీన్ని సూస్తే పులి గూడ ఉచ్చ పోసుకుంటది. పైలం" అన్నాను. మా అమ్మ జానమ్మ దాన్ని కళ్ళకద్దుకొని వెండి పట్టీల పక్కన పెట్టింది. నేను గొప్పగా నవ్వాను.

ఆదివారం నవనీత సూర్యాపేటకు వస్తానంది. ఆమెకు విజయవాడలో ఏదో పనుందట, దారిలో హైవే హోటల్ దగ్గర ఆగి పన్ను చూసి తీసుకుపోతానంది. నేను రెండు రోజుల ముందే పెన్‌పహాడ్ బస్సెక్కాను. మా ఆవిడ సౌందర్య అటక మీద నుంచి నా పాత సుత్తి తీసి తుప్పు తుడిచి పెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో నా చదువును ఆమె ఎకసెక్కం చేయని రోజు అదొక్కటే.

అమ్మ బీరువా తెరవలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "అది అశ్విని మెడల ఉన్నది గద" అంది.

అశ్విని నా చెల్లెలు శ్రీవాణి కూతురు, ఆరేళ్ళది. వేములపల్లిలో ఉంటారు. పోయిన వానాకాలం కోతలప్పుడు పిల్లను పొలం గట్టున గడ్డి మీద పడుకోబెట్టి పని చూసుకుంటున్నారట. అది నిద్రలేచేసరికి వరి కోసే చైన్ మిషన్ మీదికి వస్తోంది. డ్రైవరు చూసి పది అడుగుల దూరంలో ఆపాడు. దెబ్బేమీ తగల్లేదు గానీ పిల్ల జడుసుకుంది. మోటారు చప్పుడు వింటే చాలు కేకలు, రాత్రిళ్ళు కేకలు, తిండి లేదు. మిర్యాలగూడ దవాఖానలో చూపించారు. ఒంట్లో ఏమీ లేదు, మెల్లగా అదే తగ్గుతుందన్నారు. తగ్గలేదు. ఇదంతా నాకు అప్పుడు ఫోన్లో చెప్పారు. నేను ఊఁ కొట్టి మరిచిపోయాను.

జడుసుకున్న పిల్లకు పులిగోరు కడతారు. పులిగోరు ఇప్పుడెక్కడ దొరుకుతుంది, దొరికినా కేసు. మా అమ్మకు నా మాట గుర్తొచ్చింది. పులి కంటే పెద్దది ఇంట్లోనే ఉంది కదా అనుకుంది. సూర్యాపేటలో అవుసుల ఎల్లయ్యకు ఇచ్చి, పైన వెండి కట్టించి, ఎర్రదారంతో పిల్ల మెడలో వేసింది. వారంలోపే పిల్ల నిద్రపోయిందట. నాకు చెప్తే తిడతానని చెప్పలేదట.

కోపం వచ్చింది గానీ మింగుకున్నాను. వెండి కట్టింది మొదలు దగ్గర, అది పోయినా ఫరవాలేదు, అంచు ఉంటే చాలని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మ కూడా నాతో బయల్దేరింది. మిర్యాలగూడ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి వేములపల్లికి ఆటో. దారి పొడుగునా ఆమె నా ముఖం చూస్తూనే ఉంది.

అశ్విని నన్ను చూడగానే గౌను మెడలోంచి దాన్ని బయటికి తీసి చూపించింది. "మామా, ఇది నువ్వు తెచ్చిందేనట గద. మిషిన్ వస్తే దీన్ని సూసి ఉరుకుతదట" అంది. దగ్గరికి లాక్కొని జేబులోంచి లెన్సు తీశాను. పన్ను అద్దంలా మెరుస్తోంది. అంచు మీద వేలితో గీశాను, వేలు జారిపోయింది. రెండో అంచు మీదా గీశాను. నున్నగా ఉంది. లెన్సులో చూస్తే గాట్లున్న చోట ఆకురాయి గీతలు, వాటి మీద సాన పట్టిన నునుపు. ఒక్క గాటు మిగల్లేదు.

నేను అరిచాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాను.

"ఎవడు గీకమన్నడే దీన్ని? దీని కోరలన్నీ పీకేసిన్రు గద. ఇగ ఇది దేనికి పనికిరాదు. ఉత్త రాయి."

పిల్ల రొమ్ముకు గీరుకొని నెత్తురొచ్చిందిరా, అందుకే నున్నగా చేయమన్నానని అమ్మ నెమ్మదిగా చెప్పింది. శ్రీవాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అశ్విని ఎవరూ అడగకుండానే దారం తలమీద నుంచి తీసి నా చేతిలో పెట్టింది. ఆ క్షణంలో నేను దాని ముఖం చూడలేదు. చూడాల్సింది.

మర్నాడు సూర్యాపేటలో ఎల్లయ్య దుకాణం వెతుక్కుంటూ పోయాను. అవుసులోళ్ళు బంగారం రాకినప్పుడు రాలే పొడిని పారేయరు, దుకాణం ఊడ్చిన మట్టిని కూడా దాచి కడిగించుకుంటారు. ఆ డబ్బాలో నా పన్ను పొడి ఉంటుందేమోనని ఒక పిచ్చి ఆశ. ఉంటే మాత్రం పొడిని ఏం చేసుకుంటాను? అయినా అడిగాను.

ఎల్లయ్య ముసలాయన, మర్యాదస్తుడు. పన్నును అరచేతిలో తిప్పి తన పనితనం తనే చూసుకొని మురిసిపోయాడు. రెండు ఆకురాళ్ళు అరిగిపోయాయట, అంత గట్టి సరుకు తన చేతికి ఎప్పుడూ రాలేదట. అంచంతా గాట్లు గాట్లుగా ఉంటే, పాతబడి పెచ్చులు లేచిందనుకున్నాడట. పొడి గురించి అడిగితే నా వైపు జాలిగా చూశాడు. "బంగారమైతే రవ్వ గూడ పోనియ్య సారూ. ఇది బొక్క పొడి. బంగారంల కలుస్తదని బయట ఊదేసిన" అన్నాడు. ఎముక పొడిని ఊదేసినందుకు తిట్టడానికి కూడా ఆయనలో తప్పేమీ కనపడలేదు.

ఆదివారం నవనీత వచ్చింది. జుట్టు కొంచెం నెరిసింది, మాట మాత్రం అదే. హోటల్లో మూల బల్ల మీద చిన్న మైక్రోస్కోపు పెట్టి చాలాసేపు చూసింది. మా ముందు పెట్టిన చాయ్ మీద మీగడ కట్టింది. నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. తల ఎత్తకముందే నాకు తెలిసిపోయింది.

"అంచు లేకుంటే దీన్ని ఏ జంతువుదని రాయను ఉపేందర్? మొసలి పన్నంటే కూడా నేను కాదనలేను."

ఫొటో ఉంది కదా అన్నాను. అంత పాత ఫొటోలో గాట్లు ఉన్నాయని తెలుస్తుంది గానీ, వాటిని లెక్కపెట్టలేమంది. రెండోది వెతుకుదాం, చోటు నాకు గుర్తుంది అన్నాను. ఆమె ఫోన్లో మ్యాపు తీసి చూపించింది. ఆ వాగు మీద ఆనకట్ట కట్టి పదేళ్ళు దాటిందట, నేను కాళ్ళు కడుక్కున్న చోట ఇప్పుడు నలభై అడుగుల నీళ్ళు. దరఖాస్తులో ఇది పెట్టలేనని, ఇది లేకుండా ఆ ప్రాజెక్టు రాదని కూడా దాచకుండా చెప్పింది. ఆరోజే సారుకు ఇచ్చి ఉంటే అని ఆమె అనలేదు. అది నాకు నేనే అనుకున్నాను. ఇచ్చి ఉంటే ఈపాటికి అది ఏదో మ్యూజియం సొరుగులో సారు పేరు మీద గాట్లతో సహా భద్రంగా ఉండేది. నాది కావాలనుకున్నాను, అందుకే ఎవరికీ కాకుండా పోయింది. పన్నును పత్తిలో చుట్టి నాకు తిరిగిచ్చి, ఊరికే దాచుకో అంది. కారెక్కేముందు నా భుజం తట్టింది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

వారం తర్వాత శ్రీవాణి ఫోన్ చేసింది. పిల్లకు మళ్ళీ మొదలైందట. యాసంగి కోతలు వచ్చాయి, ఊళ్ళో ఎటు చూసినా మిషన్లే. నీ పని అయిపోతే అది తెచ్చియ్యి అన్నా అంది. అయిపోయిందని చెప్పాను. కనీసం దానికన్నా పనికొస్తుందని నేనూ ఆశపడ్డాను, ఒప్పుకుంటాను. కొత్త ఎర్రదారం కొని ఎక్కించి మరీ తీసుకెళ్ళాను.

అశ్విని గోడకు ఆనుకొని కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. నేను ముందు కూర్చొని దారం విప్పి పట్టుకుంటే తల పక్కకు తిప్పేసింది.

"వద్దు మామా. కోరలు పీకేసిన్రని నువ్వే అన్నవ్ గద. మిషిన్ వస్తే అదేం జేస్తది?"

అమ్మ వెనక నుంచి నన్ను చూసింది. చదువుకున్నోడివి, నువ్వు చెప్తే వింటది, చెప్పు అన్నట్టు చూసింది. ఇంతకుముందు నేను చెప్పింది విని నమ్మినవాళ్ళే వాళ్ళందరూ.

"మళ్ళ పెట్టిచ్చిన బిడ్డా. పట్నం నుంచి డాక్టరమ్మ వచ్చి పెట్టింది" అన్నాను.

పిల్ల కాసేపు నన్ను చూసింది. తర్వాత చెయ్యి చాపి, నేను లెన్సు పట్టుకొని చూసిన రోజు చేసినట్టే, ఆ అంచు మీద వేలితో గీసింది. వేలు జారిపోయింది. రెండో అంచు మీద కూడా గీసింది. దాన్ని నా చేతిలో పెట్టి నా పిడికిలి మూసింది.

బయట రోడ్డు మీద చైన్ మిషన్‌ను ఎక్కించుకున్న లారీ వస్తున్న చప్పుడైంది. అశ్విని రెండు చెవులూ మూసుకొని శ్రీవాణి కొంగులో దూరి కేకలు పెట్టడం మొదలుపెట్టింది. అమ్మ, శ్రీవాణి ఇద్దరూ పిల్లను పట్టుకున్నారు. నా చేతిలో ఉన్నదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, లారీ దాటిపోయేదాకా అలాగే పట్టుకొని నిలబడ్డాను.