గోడ చివర ఇల్లు

బంకబియ్యం వండి అరటాకుల్లో చుట్టిన సుమాన్‌లను పెర్పెతువా గిన్నెలో సర్దుతుంటే, మొగుడు క్రిసాంతో వంటింటి గుమ్మంలో నిలబడి, "కాస్త ఎక్కువే తీసుకురా పెతాంగ్, ఇవాళ జనం బాగా వస్తారు," అన్నాడు. ఇవాళ జరిగే ఊరి కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షురాలు పెర్పెతువాయే. దానికి ఫలహారం వండేదీ, అందరూ తిన్నాక గిన్నెలు తోమేదీ ఆవిడే. ఇదివరకు ఊరిపెద్ద కెప్టెన్ గారి పెళ్లాంగా వండేది, ఇప్పుడు తనే ఊరి కెప్టెనై వండుతోంది. పొయ్యి దగ్గర ఆ తేడా ఏమీ తెలియదు.

ఆ పాత కెప్టెన్ క్రిసాంతోయే. వరసగా మూడు దఫాలు చేసినవాణ్ణి నాలుగోసారి నిలబడనివ్వదు చట్టం. అలాంటప్పుడు ఈ దీవుల్లో మగవాళ్లు చేసే పనే అతనూ చేశాడు, పెళ్లాన్ని నిలబెట్టాడు. పోస్టర్ల మీద ఆమె బొమ్మ, పక్కన అంతకన్నా పెద్దగా అతని బొమ్మ. "మళ్లీ నేనొచ్చేదాకా కుర్చీ ఖాళీగా ఉండకూడదు, అంతే," అన్నాడు. అత్తగారు ఊరుకుంటుందా, "మావాడు బంగారం గనక సరిపోయింది, లేకపోతే ఎండుచేపలమ్మేదాన్ని కెప్టెన్ని చేసేవాడెవడు?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. పెర్పెతువా కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో తల్చుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది ఆమెకి. వీధిలో "కాప్!" అని కెప్టెన్ని కేకేస్తే ఇప్పటికీ వెనక్కి తిరిగేది క్రిసాంతోయే. సంతకాలు పెట్టేది ఆమె, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించేది అతను.

ఇవాళ ఓటుకి వచ్చేది సముద్రపు గోడల సంగతి. ఇకమీదట ఎవరింటి ముందు వాళ్లు అలలకి అడ్డంగా గోడ కట్టుకోకూడదు. పక్కవాళ్ల ఒడ్డును కోసేస్తున్న పాత గోడలు తీసేయాలి. ఏ రక్షణైనా తీరమంతటికీ కలిపే చేసుకోవాలి. ఇదీ కొత్త కట్టుబాటు. ఊళ్లోకెల్లా పొడుగు గోడ పెర్పెతువా ఇంటి ముందే ఉంది.

క్రిసాంతో ఊరికే కట్టలేదు దాన్ని. పెద్ద తుపానుకి నీళ్లు మంచం దాకా వచ్చినప్పుడు తల్లిని భుజాన వేసుకుని కొండెక్కిన మనిషి. ఆ తర్వాత చాలాకాలం గాలి వీస్తే చాలు ఉలిక్కిపడేవాడు. గోడ లేచాకే అతనికి కంటినిండా నిద్ర పట్టింది, ఆ మాటకొస్తే పెర్పెతువాకీ పట్టింది. కానీ గోడకి కొట్టుకున్న అల ఊరికే పోదు. గోడ వెంబడే జరిగి జరిగి, చివర మలుపు తిరిగి, అక్కడి ఇసుకని తవ్వుకుపోతుంది. ఆ చివర ఉన్నది బాసిలియా ఇల్లు.

బాసిలియా పెర్పెతువా కూతురికి జ్ఞానతల్లి. అందుకే ఇద్దరూ ఒకరినొకరు "మారె" అని పిలుచుకుంటారు. పెళ్లై వచ్చిన కొత్తలో ఆ ఇసుకలోనే వెదురు తడికల మీద ఇద్దరూ కలిసి చేపలు ఎండబెట్టేవాళ్లు, మొగుళ్లనీ అత్తల్నీ తిట్టుకుని నవ్వుకునేవాళ్లు. పెర్పెతువా తన కష్టం పైకి చెప్పుకున్న చోటు ఈ ఊళ్లో అదొక్కటే. ఇప్పుడక్కడ ఇసుక లేదు. పోయిన వారం బాసిలియా వంటిల్లు కూలింది.

"ఇక పడగ్గదే మిగిలింది మారె," అంది నిన్న వచ్చి. "నిన్ను ఓటెయ్యమనటం లేదులే, నీకు ఓటు లేదుగా. కాప్‌కి ఒక్కమాట చెప్పు."

చెప్పింది. అన్నం తింటున్న క్రిసాంతో తలైనా ఎత్తలేదు. "వాళ్లని కొండవైపు పొమ్మను. నీకెందుకీ తలనొప్పి? కెప్టెన్‌కి ఓటుండదు, నిన్నెవరూ ఏమీ అనరు. కూర్చో, సుమాన్ పంచు, వచ్చెయ్. ఆ పులుసు ఇంకాస్త వెయ్యి."

పులుసు వేసింది. తన మీద తనకే రోత పుట్టింది.

సమావేశంలో బాసిలియా వెనక వరసలో కూర్చుంది. క్రిసాంతో కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, సభ్యులందరికీ కనపడేట్టు కూర్చున్నాడు. కట్టుబాటు కావాలన్నవాళ్లు చేతులెత్తారు. వాళ్లలో మెల్చోర్ చెయ్యి కూడా లేచింది. క్రిసాంతో మాట ఏనాడూ జవదాటని మనిషి. "ఏంట్రా ఇది?" అని క్రిసాంతో గద్దించాడు. "క్షమించు కాప్. పడవ లాక్కుందామంటే ఇసుకేదీ? మొన్న వానల్లో మీ గోడకే కొట్టుకుని పగిలింది," అన్నాడు మెల్చోర్ నేలచూపులు చూస్తూ. వద్దన్నవాళ్లూ చేతులెత్తారు. సెక్రటరీ పిల్ల రెండుసార్లు లెక్కపెట్టి, "సమానంగా వచ్చాయి కాప్," అంది, క్రిసాంతో వైపు తిరిగి.

"సమానమైతే వీగిపోయినట్టే," అన్నాడు క్రిసాంతో. "పెతాంగ్, ఇక అందరికీ పెట్టు."

పెర్పెతువా లేవలేదు. "సమానంగా వస్తే కెప్టెన్ ఓటెయ్యాలి," అంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"కొత్త కెప్టెన్ల ట్రైనింగ్‌లో చెప్పారు. వెళ్లి ఏసీలో నిద్రపోయి రమ్మన్నావు కదా, నాకు నిద్ర పట్టలేదు."

హాలంతా గొల్లుమంది. అతని హయాంలో ఓట్లు సమానంగా వచ్చిన రోజే లేదు, అందరూ అతనెటంటే అటే చేతులెత్తేవాళ్లు. ఆ నియమం అతనికి అవసరమే పడలేదు. నవ్వు తగ్గాక ఆమెకి తెలిసిన మెత్తటి గొంతుతో, "సరే, వెయ్యి. మనిల్లు గుర్తుపెట్టుకుని వెయ్యి," అన్నాడు.

ఇల్లు ఎందుకు గుర్తుండదు? ఊడ్చిన ప్రతి మూలా గుర్తుంది. గోడ పోతే వానాకాలం మళ్లీ ఎలా ఉంటుందో తెలుసు. ఇంటికెళ్లాక అతని మౌనం ఎన్నాళ్లుంటుందో, అత్తగారు ఏమేమంటుందో అన్నీ తెలుసు. భయం వేసింది. వెనక వరసలో బాసిలియా ఆమె వంక చూడకుండా తల దించుకుంది, మొహమాటపెట్టకూడదని. అది చూశాక ఆగలేకపోయింది పెర్పెతువా. కట్టుబాటు కావాలని చెయ్యెత్తింది.

క్రిసాంతో కుర్చీలోంచి లేచాడు. "నీకేమైనా మతిపోయిందా? గోడ తీసేస్తే సముద్రం మనింట్లోకి రాదూ?"

"వస్తుంది," అంది పెర్పెతువా, చెయ్యి దించకుండానే. "ఇన్నాళ్లూ బాసిలియా ఇంటికి మనం పంపింది దాన్నే."