సువార్తమ్మ పాటంత వెలుగు

నరసరావుపేటలో సముద్రాన్ని అమ్మాలని చూసిన మహానుభావుడు ఇమ్మానుయేల్ ఒక్కడే. పాస్‌పోర్టు ఫోటోలతో, పెళ్ళి ఆల్బాలతో పొట్ట పోసుకుంటూ, కాస్త తీరిక దొరికితే చాలు, భార్య సువార్తమ్మను వెంటబెట్టుకుని వాడరేవు బస్సెక్కేవాడు. రీలు కెమెరాతో అలల్నీ, ఒడ్డున బోర్లించిన పడవల్నీ పట్టుకొచ్చి, ఇంటి వెనక చీకటిగదిలో నలుపు తెలుపుల్లో ప్రింటు వేసేవాడు. ఒక్కటంటే ఒక్కటి అమ్ముడుపోతే ఒట్టు. "మిరపకాయల ఊళ్ళో ఉప్పునీళ్ళు ఎవడు కొంటాడు మావా" అని పక్క కొట్టు నాగూర్ వలి ఏడిపించేవాడు. లోకమంతా ఫోన్లలోకి పోయినా ఈ మొండిఘటం మానలేదు.

నెగటివ్ మీది బొమ్మను కాగితం మీదికి పెద్దది చేసి వేసే ఎన్‌లార్జర్‌కి టైమరు ఎప్పుడో చెడిపోయింది. బాగు చేయించనే లేదు, పక్కన సువార్తమ్మ ఉందిగా. కాగితం మీద దీపం ఎంతసేపు పడాలో ఆమె పాడే కీర్తనే లెక్క. వెలుగు తక్కువ పడితే బొమ్మ తెల్లబోతుంది, ఎక్కువైతే నల్లబడిపోతుంది. ఈ అలలకు పల్లవీ ఒక చరణం, ఆ మబ్బులకు రెండు చరణాలు. ఆమెకు ఉబ్బసం. పల్లవి చివర ఆగి ఊపిరి పీల్చుకునేది. ఆ ఆగడం కూడా లెక్కలోదే.

"నువ్వు గాలి పీల్చుకుంటేనే నా మబ్బులు తేల్తయ్ గదే" అని వెక్కిరించేవాడు.

"అయితే నన్ను తొందరపెట్టమాకయ్యా" అనేది ఆమె.

చివరికి ఆ పాడు ఉబ్బసమే ఆమెను పొట్టన పెట్టుకుంది. ఇవాళ సాయంత్రం చర్చిలో ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక. ఆమెకు ప్రాణమైన బొమ్మ, తెల్లవారుజాము వాడరేవు, అక్కడ పెట్టి తీరాలని అతని పంతం. పాత ప్రింటు చెమ్మకు పాడైంది. నెగటివ్ ఉంది గానీ, కాగితాలు మూడే మిగిలాయి.

"ఫోన్లో టైమర్ పెడతా నాన్నా. ముందు కాగితంలో చిన్న ముక్క కోసి, ఎంత వెలుగు కావాలో చూసుకుందాం" అంది కూతురు షెర్లీ.

"మీ అమ్మ పాటతో కొలిచిన బొమ్మని ఫోనుతో కొలవాలా? పో అవతలకి" అని కసిరి తలుపేసుకున్నాడు.

ఎర్రబల్బు వెలుగులో మొదటి కాగితం పెట్టి, కీర్తన మనసులో అనుకుంటూ దీపం వేశాడు. మనసులో పాట పరుగెత్తింది. డెవలపర్‌లో సముద్రం సున్నం కొట్టినట్టు తెల్లగా తేలింది. రెండోసారి గొంతెత్తి పాడాడు. కాస్త నయమే, అయినా మబ్బుల జాడ లేదు. అప్పుడు తెలిసొచ్చింది అతనికి. ఉబ్బసం లేనివాడు గనక ఎక్కడా ఆగలేదు.

ఆఖరి కాగితం పెట్టాడు. దీపం వేసి పాట ఎత్తుకున్నాడు. పల్లవి చివర, ఆమె ఆగేచోట, ఆగాడు. ఇక్కడ ఆమె ఛాతీలో పిల్లికూత వినపడాలి, తర్వాత ఆమె చరణం అందుకోవాలి. గదిలో ఏ చప్పుడూ లేదు. సమాధి దగ్గర కూడా కన్నీటిచుక్క రాల్చని మనిషి, బల్లకు తల ఆనించి పొగిలి పొగిలి ఏడ్చాడు. కాగితం మీద దీపం వెలుగుతూనే ఉంది.

ఎప్పటికో తేరుకుని ఆర్పాడు. అలవాటుకొద్దీ కాగితాన్ని ట్రేలో ముంచాడు. నీళ్ళూ ఆకాశమూ ఏకమై మూలమూలకీ నల్లబడిపోయింది. పారేయడానికి చేతులు రాలేదు. బొమ్మ చెదరకుండా నిలబెట్టే హైపోలో వేసి, కడిగి, ఆరబెట్టి, ఫ్రేములో బిగించి బయటికి తెచ్చాడు.

"ఏంది నాన్నా ఇది, అంతా నలుపే" అంది షెర్లీ. "సముద్రం ఏది?"

"అందులోనే ఉందమ్మా. మీ అమ్మ ఊపిరి పీల్చుకునేచోట ఆగా. మళ్ళా ఎత్తుకోలేకపోయా."