కవచం విప్పిన మాంత్రికుడు

నిజాంపేటలో చైతన్య ఉండే అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో శనివారం మధ్యాహ్నాలు రెండు ఆటలు సాగుతాయి. కిటికీ దగ్గర పెద్దవాళ్ల క్యారమ్స్. లోపలి బల్ల దగ్గర చైతన్య, అతని ముగ్గురు స్నేహితులు ఆడే కథల ఆట. చైతన్య గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతాడు. మిగతా ముగ్గురూ తలా ఒక పాత్ర తీసుకుని, ఆపద ఎదురైతే ఏం చేస్తారో నోటితో చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని జరిగినట్టు. ఉదయ్ భాస్కర్ మాంత్రికుడు, లావణ్య యోధురాలు, సుష్మ పూజారిణి.

సుష్మది ప్రొద్దుటూరు. ఈ ఊళ్లోనే రాయదుర్గంలో ఒక కంపెనీలో టెస్టర్. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. పట్టిన తప్పును మెయిల్లో రాస్తుందే తప్ప మీటింగులో నోరు విప్పి చెప్పిన పాపాన పోలేదు.

ఏడాది కిందట ఆట మొదలైనప్పుడు నియమాల పుస్తకంలోని ఆంక్షలన్నీ పాటించేవారు. మాంత్రికుడు కవచం తొడగకూడదు, రోజుకు నాలుగు మంత్రాలే వేయాలి. పూజారిణి గద తప్ప కత్తి పట్టకూడదు. యోధురాలికి మంత్రాలు రావు. కానీ సరదా చచ్చిపోతోందని ఉదయ్ పోరు పెడుతుంటే చైతన్య ఒక్కొక్కటీ సడలిస్తూ వచ్చాడు. మాంత్రికుడికి కవచం వచ్చింది, మంత్రాలకు లెక్క లేకుండా పోయింది. ఇప్పుడు తలుపు తెరిచేదీ అతనే, శత్రువును చంపేదీ అతనే. మిగిలిన ఇద్దరూ చప్పట్లు కొట్టడానికి పనికొస్తున్నారు.

ఆ శనివారం లావణ్య వచ్చీరాగానే తన పాత్ర కాగితాన్ని చైతన్య ముందు పెట్టేసింది.

"ఇగ నేను రాను చైతన్యా. వారమంతా ఆఫీసుల కూసునుడే, ఈడ గూడ కూసునుడేనా? ఉదయ్ ఒక్కడే ఆడుకోనీ."

చైతన్య కంగారుపడ్డాడు. "అలా అనకు. నీకూ రెండు మంత్రాలిస్తాను. సుష్మా, నువ్వు కత్తి తీసుకో. అందరూ సమానమైపోతారు, సరేనా?"

ఇక్కడ మెయిల్ రాసే వీల్లేదు. సుష్మ నోరు విప్పింది.

"నాకు కత్తి వద్దు. అందరికీ అన్నీ ఇచ్చేస్తే ముగ్గురం ఎందుకప్పా, ఒక్కరే చాలు గదా! తప్పు మా ఇద్దరి దగ్గర లేదు. పుస్తకంలో ఉండే ఆంక్షలు మళ్లీ పెట్టు. ఈ పొద్దు ఒక్క ఆట అట్లనే ఆడదాం. బాగలేకపోతే నేను గూడా మానుకుంటా."

"కవచం తీసేస్తే మొదటి బాణానికే పోతాను" అన్నాడు ఉదయ్.

"పోకుండా ఆడి చూడు" అంది సుష్మ.

లావణ్య నవ్వుతూ తన కాగితం తిరిగి తీసుకుంది. ఉదయ్ తన కాగితంలో కవచం అన్న మాట కొట్టేశాడు.

ఆ రోజు రాతి రాక్షసుడి కోట ఎక్కాలి. పై అంతస్తు చేరేసరికి ఉదయ్‌కి ఒక్క మంత్రమే మిగిలింది. రాక్షసుడి రాతి చర్మాన్ని పగలగొట్టే ఆ మంత్రాన్ని మూడు వంతులపాటు, అంటే ఆట మూడుసార్లు అందరినీ చుట్టి వచ్చేదాకా, జపించాలి. మధ్యలో ఒక్క దెబ్బ తగిలినా అది వృథా. గుమ్మంలో లావణ్య ఒంటరిగా భటులను ఆపుతోంది. మిద్దె మీద విలుకాళ్లున్నారు. సుష్మ దగ్గర గద, డాలు కాక గాయాలు మాన్పే ప్రార్థన ఒక్కటే ఉంది. ఒక వంతులో ఒక్క పనే చేయాలి.

మొదటి వంతులోనే లావణ్య ప్రాణం పాయింట్లు సగానికి పడిపోయాయి.

"సుష్మా, ప్రార్థన చెయ్యి! గుమ్మం పోతే అందరం పోతాం" అన్నాడు ఉదయ్. అతని గొంతులో భయం వినిపించడం అదే మొదటిసారి.

సుష్మ లావణ్య వైపు తిరిగింది. "లావణ్యా, ఇంకొక దెబ్బ ఓర్చుకుంటావా?"

"ఓర్చుకుంట. నువ్వు ఉదయ్‌ని చూస్కో."

"అయితే నేను డాలెత్తి ఉదయ్ ముందర నిలబడతాండా."

మూడు బాణాలు వచ్చాయి. రెండు డాలుకు తగిలి పడ్డాయి, ఒకటి ఆమె భుజంలో దిగింది. ఉదయ్‌ను ఒక్కటీ తాకలేదు. రెండో వంతులో లావణ్యకు ఒక్క పాయింటే మిగిలింది. అప్పుడు చేసింది సుష్మ ప్రార్థన. యోధురాలు మళ్లీ నిటారుగా లేచింది.

మూడో వంతు. ఒక విలుకాడు కత్తి దూసి ఉదయ్ మీదికి దూకాడన్నాడు చైతన్య. క్యారమ్స్ ఆపేసి పెద్దవాళ్లు అప్పటికే బల్ల చుట్టూ మూగారు.

"గదతో కొడుతున్నా" అంది సుష్మ. పాచిక దొర్లి దొర్లి పదిహేడు దగ్గర ఆగింది.

"కొట్టావమ్మా!" అని అరిచాడు వాళ్లలో పంచెకట్టుతో ఉన్న ఒక పెద్దాయన.

ఉదయ్ జపం పూర్తయింది. రాక్షసుడి చర్మం పెళ్లలుగా రాలిపోయింది. కానీ వాడు చావలేదు. మాంత్రికుడి దగ్గర ఇంకేమీ లేదు. లావణ్య కత్తి ఒక్కటే ఉంది.

"ఇగ చూడు!" అంటూ ఆమె పాచిక విసిరింది. పంతొమ్మిది.

రాక్షసుడు కూలిపోయాడని చైతన్య చెప్పేలోపే అందరికంటే ముందు కుర్చీ తన్నేసి లేచినవాడు ఉదయ్! లావణ్య సుష్మను వాటేసుకుని గిరగిరా తిప్పింది. "గెలిచినాం!" అని సుష్మ వేసిన కేకకు సెక్యూరిటీ అతను గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

రొప్పుతూనే అన్నాడు ఉదయ్. "ఇన్ని నెలలుగా ప్రతి వారం నేనే గెలుస్తున్నాను కదా. ఒక్కసారి కూడా ఇలా అరవలేదు."

తరవాత వాళ్లు ఆ యుద్ధాన్ని పెద్దవాళ్లకు మొదటి నుంచీ చెప్పారు. గుమ్మం కథ లావణ్య చెప్పింది, బాణాల కథ ఉదయ్ చెప్పాడు. గద దెబ్బ దగ్గరికి రాగానే ఇద్దరూ ఆగి సుష్మ వైపు చూశారు. ఆమె లేచి నిలబడి, గొంతు సవరించుకుని, చెప్పడం మొదలుపెట్టింది.