లైబ్రరీలో టీకాల రోజు

వారానికి మూడు రోజులు లైబ్రరీ గదిలో సగం పసిపిల్లల టీకాలకివ్వాలని కాగితం వచ్చిన నాటి నుంచి లైబ్రేరియన్‌కి కంటి మీద కునుకు లేదు. సగం పుచ్చుకున్నవాళ్లు మొత్తం అడగకుండా ఊరుకుంటారా? ఇరవై రెండేళ్లుగా కన్నబిడ్డల్లా చూసుకున్న పుస్తకాలాయె! అనుకున్నంతా అయింది. "చదివేవాళ్లే లేనప్పుడు లైబ్రరీ దేనికమ్మా? వచ్చి చూసి తేల్చేస్తాను" అని పై ఆఫీసరు ఫోన్ చేశాడు.

తేల్చే రోజు రానే వచ్చింది. అదీ టీకాల రోజే. "నా ఖర్మ!" అనుకుంటూ ఆవిడ వెనక బీరువాల దుమ్ము దులిపి వచ్చేసరికి, పుస్తకానికొకటి చొప్పున కార్డులు పెట్టుకునే పెట్టె బోసిగా ఉంది.

"నర్సమ్మా, నా కార్డులేవి?"

"కోప్పడకక్కా. టోకెన్లు ఇంట్లో మర్చిపోయా. తల్లులేమో నేను ముందంటే నేను ముందని ఒకటే గొడవ. నీ కార్డుల మీద వరస నంబర్లున్నాయిగా, పంచేశా."

"నీ దుంప తెగ! ఒక్కటి పోయినా..." అంటూ ఇటు తిరిగిన లైబ్రేరియన్ అలాగే నిలబడిపోయింది.

తల్లులందరి చేతుల్లోనూ పుస్తకాలు! కార్డు మీద నంబరు కింద పుస్తకం పేరు కూడా ఉంటుంది కదా. ఆ పుస్తకం తీసుకుని కూర్చోవాలి కాబోలనుకుంది మొదటి తల్లి. ఆమెను చూసి మిగతావాళ్లూ బీరువాల మీద పడ్డారు. ఒకామె పకపకా నవ్వుతోంది, ఇంకొకామె ముక్కు చీదుతోంది.

సరిగ్గా అప్పుడే ఆఫీసరు లోపలికొచ్చి, నోరు తెరిచి చూశాడు. లైబ్రేరియన్ ఊరుకుంటే సరిపోయేది. కానీ అబద్ధం ఆవిడకి చేతకాదు.

"వీళ్లు చదవడానికి రాలేదు సార్. టీకాలకొచ్చారు" అనేసింది.

"ఏడో నంబరు!" నర్సు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది.

"ఒక్క రెండు పేజీలమ్మా!" మూల కూర్చున్న తల్లి తలెత్తకుండానే బతిమాలింది. "ఈ కథలో పిల్ల బతుకుతుందో లేదో తేలాలి. నా తర్వాతామెని పిలవండి."

"నాకూ అవలేదు బాబూ!" అంది తర్వాతామె.

ఆఫీసరు లైబ్రరీ ఎత్తేయడానికి తెచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దేనికొస్తేనేం లెండి. మీ సగం మీకుండనివ్వండి" అన్నాడు.

లైబ్రేరియన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. గబగబా వెళ్లి ఏడో నంబరు తల్లి ఒళ్లోంచి పసిదాన్ని ఎత్తుకుంది.

"నువ్వు చదువుకో తల్లీ. దీనికి సూది నేను వేయించుకొస్తా."