లింగం హస్తవాసి

నేను ఒక గాజుతొట్టెని. అడుగున్నర పొడవు, అడుగు ఎత్తు, అయిదు పలకలు, పైన ఒక మూత. మనుషులు నా ముందు నుంచుని నన్ను చూస్తున్నామనుకుంటారు గానీ, పాపం, ఎవరూ నన్ను చూడరు, నాలోంచి చూస్తారు. నాకూ నోరుంది. అది నీళ్లు పోయించుకోవడానికి తప్ప మాటకు పనికిరాదు. ఆ లోపం వల్లే నా కళ్లెదుట ఒక ప్రాణం పోయింది. ఒకటే పోయిందా అంటే నేను చెప్పలేను, మీరే విని చెప్పండి.

కాకినాడలో అద్దాలు కోసే ఖాసిం సాహెబు నన్ను చేశాడు. గాజు మీద ఒక గీత గీసి, బొటనవేలితో చిన్నగా నొక్కితే పలక చెప్పినట్టు విరిగేది. అంచులకు జిగురు పట్టించి, చుట్టూ తాడు బిగించి, రెండు రోజులు నన్ను కదలనివ్వలేదు. మూడోనాడు నీళ్లు పోసి, చుక్కయినా కారలేదని చూసుకుని, "ఇక నీ ఖర్మ" అని నవ్వాడు. ఎంత మాటన్నాడో అప్పుడు నాకు తెలియలేదు.

మొదట నన్ను కొన్నది సామర్లకోటలో ఒక పళ్ల డాక్టరు. పన్ను పీకించుకునేవాళ్లకి భయం తగ్గాలని నాలో రంగుచేపలు వదిలాడు. వాళ్ల భయం తగ్గలేదు గానీ చేపలు మాత్రం రోజుకొకటి చొప్పున తగ్గిపోయాయి. విసుగెత్తి నన్ను బ్యాంకు ఆఫీసరు పద్మనాభంగారికి ఇచ్చేశాడు.

పద్మనాభంగారు పొదుపుగా మాట్లాడే మనిషి. ఎక్కడినుంచో ఒక నీటికప్పను తెచ్చి నాలో వేశాడు. మన వానాకాలం కప్పలాంటిది కాదది. బొటనవేలంత ఉంటుంది, ఆఫ్రికా జాతి, పుట్టుక నుంచి చావుదాకా నీళ్లలోనే. గాలి కావలసినప్పుడు రివ్వున పైకొచ్చి, ఒక గుటక మింగి, మళ్లీ అడుక్కి పోయేది. కొన్నాళ్లకోసారి దాని ఒంటిమీద తెల్లటి పొర లేచేది. చూస్తే కుళ్లిపోతోందేమో అనిపిస్తుంది. అది మాత్రం నింపాదిగా చొక్కా విప్పుకున్నట్టు ఆ తోలు విప్పి, దాన్నే మింగేసి, మర్నాటికి నిగనిగలాడుతూ తిరిగేది. పద్మనాభంగారు ఒకసారి అది చూసి, "ఓహో" అని, పేపరు తిప్పి చదువుకున్నాడు. ఆ "ఓహో" ఎంత విలువైనదో నాకు తరవాత తెలిసింది.

ఆయనకి దూరం బదిలీ అయింది. వెళ్లేముందు నన్నూ కప్పనూ తీసుకెళ్లి, పన్నెండేళ్లుగా తనకి గడ్డం గీస్తున్న భీమలింగానికి అప్పజెప్పాడు. స్టేషను రోడ్డులో ధన్వంతరి సెలూన్ అతనిదే.

"చూడు లింగం, వారానికి మూడుసార్లు ఈ ఎండుపురుగులు నాలుగు వెయ్యి. కుళాయినీళ్లు ఒకరోజు బకెట్లో నిలవుంచి, అప్పుడు సగం నీళ్లే మార్చు. పని లేకుండా మూత తియ్యకు, బయటపడితే ఎండి చస్తుంది. చేత్తో పట్టుకోకు. అంతకుమించి ఏమీ చెయ్యకు."

"ఏమీ చెయ్యకుండా పెంచడవేంటండీ?" అన్నాడు భీమలింగం, తెల్లబోయి.

"అదేనయ్యా పెంచడమంటే" అని పద్మనాభంగారు రైలెక్కేశాడు. తోలు విడవడం గురించి చెప్పడం మరిచిపోయాడు. ఆయనకది చెప్పుకోదగ్గ విషయంగా తోచలేదు కాబోలు.

భీమలింగం చేతుల గురించి చెప్పాలి. వాళ్ల నాన్న సెగ్గడ్డలు కోసేవాడట, తాత ఎముకలు కట్టేవాడట. ఆ వంశంలో హస్తవాసి ఉందని ఊరంతా అనేది. గడ్డం గీసేటప్పుడు ఎవరికైనా చిన్న గాటు పడితే, పటికముక్క తడిపి అలా రుద్దేవాడు, రక్తం ఠక్కున ఆగేది. కాలిపుండుకీ పటికే, నోటిపూతకీ పటికే, బిందెలో బురదనీళ్లు తేరడానికీ పటికే. అతని భార్య వెంకటరత్నానికి షుగరు, కాలివేలికి పుండు పడింది. భీమలింగం పటికనీళ్లతో కడిగి, ఆకుపసరు కట్టి, నలభై రోజులు తనే వైద్యం చేశాడు. కూతురు ధనం పెద్దాపురం నుంచి వచ్చి, "పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం నాన్నా" అని కాళ్లావేళ్లా పడితే, "నా చేతిమీద నమ్మకం లేదా?" అని కసిరాడు. తీరా తీసుకెళ్లేసరికి కాలు తీసేశారు, ఆ తరవాత మనిషే పోయింది.

"అమ్మని షుగరు చంపలేదు, నీ పటిక చంపింది" అని పదకొండో రోజున నలుగురిలో అనేసి ధనం వెళ్లిపోయిందట. మళ్లీ గడప తొక్కలేదు. ఇదంతా నాకెలా తెలుసంటారా? మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు భీమలింగం నా ముందు స్టూలు వేసుకుని కప్పకి చెప్పుకునేవాడు. విదేశీ కప్ప కదా, దాన్ని "దొరగారూ" అనేవాడు.

"దొరగారూ, తమరు బతకాలండి. ఈ చేతికింద ఒక్క ప్రాణవైనా నిలబడ్డాదని మా ధనానికి చూపించాలండి, ఆయ్."

చెప్పొద్దూ, మొదటి నాలుగునెలలూ అతను బాగానే చూశాడు. నీళ్లు బకెట్లో నిలవుంచాడు, పురుగులు లెక్కపెట్టి వేశాడు. పని లేకుండా మూత మీదికి చెయ్యి పోయినప్పుడల్లా తన వేళ్ల మీద తనే ఒక్కటి వేసుకునేవాడు. గిరాకీలు మూతి మీద నురగతో, "ఏం లింగం, కూర వండుతావా?" అని ఎగతాళి చేస్తే, కత్తి గాల్లో ఆపి, "కదలకండి, దొరగారు చూత్తన్నారు" అనేవాడు.

ఒక మంగళవారం ధనం వచ్చింది. మంగళవారం ఎవరూ క్షవరం చేయించుకోరు కదా, తండ్రి ఒక్కడే ఉంటాడని వచ్చింది. వాళ్లమ్మ సంవత్సరీకానికి ఫొటో కావాలట. మొహం తిప్పుకునే అడిగింది. అతను ఫొటో దించి తుడుస్తూ ఉండగా దొరగారు రివ్వున పైకొచ్చి గుటకేసి, కాళ్లు బారజాపుకుని తేలింది. ధనం ఒక్కసారి ఫక్కున నవ్వింది. నవ్వినందుకు తనే సిగ్గుపడింది.

"ఎన్నాళ్లయింది నాన్నా దీన్ని పెంచుతా?"

"నాలుగునెలలమ్మా. ఏ వైద్యవూ చెయ్యలేదు. ఒట్టు."

ధనం ఫొటో సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. తరవాతి మంగళవారం మళ్లీ వచ్చింది. ఆ పైవారమూ వచ్చింది. మూడోసారి వెళ్తూ వెళ్తూ, "వచ్చే మంగళవారం కేరేజీ తెత్తాను, ఇద్దరం ఇక్కడే తిందాం" అంది. భీమలింగం ఆ వారమంతా గిరాకీలకి పాటలు పాడుతూ క్షవరం చేశాడు. వాళ్లకి చెవులు దక్కడమే గొప్ప.

సోమవారం సాయంత్రం దొరగారికి తోలు లేచింది. అంతకుముందు విడిచినవన్నీ షట్టరు దించాక రాత్రిళ్లే, భీమలింగం కంటబడలేదు.

వీపు మీద పాలిపోయింది. తొడల దగ్గర పొర చీలి, నీళ్లలో పీలికలై వేలాడింది. భీమలింగం చూసి, స్టూలు మీద కూలబడ్డాడు. "ఓరి దేవుడో, కుళ్లిపోతందిరో" అన్నాడు. పద్మనాభంగారికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఆ "ఓహో" అనే మనిషి ఆ ఒక్క సాయంత్రం ఫోను ఎత్తి ఉంటే!

"రేపు ధనం వత్తాది. రేపు ధనం వత్తాది." అదే మాట పదిసార్లు అన్నాడు.

అయ్యో భీమలింగం, అది జబ్బు కాదయ్యా! ఒక్క రాత్రి ఓపిక పట్టు, రేపటికి అద్దంలా మెరుస్తుంది, చేతులు కట్టుకుని కూర్చో చాలు. ఇదంతా నాకు తెలుసు. ఎన్నోసార్లు నా పొట్టలోనే చూశాను. నాకు తెలిసినదంతా నాలోనే ఉండిపోయింది. నేనొక గాజుముక్కని, అరవడానికి గొంతు లేదు, పగిలిపోదామన్నా నా చేతిలో లేదు.

అతను మూత తీశాడు. మునివేళ్లతో దొరగారిని ఎత్తి, అరచేతిలో పెట్టుకుని, కళ్లనీళ్లు కారుతుండగా, ఆ లేచిన తోలు మీద తడిపటిక రాశాడు. పసిపిల్లకి రాసినట్టే రాశాడు, పాపం. మళ్లీ నాలో దించి, నీళ్లు మురికిగా ఉన్నాయనిపించి, పెద్ద పటికముక్క తీసుకుని గుండ్రంగా తిప్పాడు. చాలదనుకున్నాడేమో, ఆ ముక్కని అడుగున వదిలేశాడు. దొరగారు ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి కొట్టుకుంది. నా గోడలు గీరింది. ఆ చిన్నచిన్న చేతులు నాకిప్పటికీ తగులుతున్నట్టే ఉంటుంది. దీపాలు పెట్టేవేళకి కాళ్లు బారజాపి నిశ్చలంగా తేలింది.

భీమలింగం వంగి చూసి, గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "హమ్మయ్య, మందు పట్టింది. నిద్రోయింది" అన్నాడు. షట్టరు దించుకుని ఇంటికి పోయాడు.

తెల్లారేసరికి నీళ్లు తేటబడ్డాయి. పుట్టింది మొదలు నేనెప్పుడూ అంత స్వచ్ఛంగా లేను. భీమలింగం షట్టరు ఎత్తుతుండగానే ధనం కేరేజీతో లోపలికి వచ్చి, నవ్వుతూ నా ముందు వంగింది. తండ్రి వెనక నుంచుని, "నిన్న వంట్లో బాలేదమ్మా, నేనే నయం..." అని ఆగిపోయాడు. పగటి వెలుగులో అతనికీ కనబడింది. ధనం చూపు కప్ప మీద నుంచి మెల్లగా దిగి, అడుగున మిగిలిన తెల్లటి ముక్క దగ్గర ఆగింది.

"మళ్లీ పటికేనా, నాన్నా?"

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కేరేజీ బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఆ కేరేజీ ఎవరూ విప్పలేదు. మళ్లీ మంగళవారం వచ్చింది, ధనం రాలేదు. ఆ తరవాత మంగళవారాలు నేను లెక్కపెట్టడం మానేశాను.

నన్ను కడుగుదామని భీమలింగం సలసల కాగిన నీళ్లు పోశాడు. నా ముందు పలక నిలువునా చిట్లింది. ఆ నెలలోనే అతని కత్తి గాడి తప్పింది. రెండు గడ్డాలకి గాట్లు పడ్డాయి, అతను పటిక డబ్బా తెరవలేకపోయాడు. గిరాకీలు ఎదుటి షాపుకి మళ్లారు. ధన్వంతరి సెలూన్ మూతపడింది. నేను రైలుగేటు దగ్గర పాతసామాన్ల కొట్టుకి చేరాను.

ఇక్కడ విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. వానపడితే నాలోకి నీళ్లొస్తాయి, పగులులోంచి పోతాయి. మొన్న భీమలింగం అటుగా వచ్చాడు. చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి ఆగాడు. నా మీద దుమ్ము చూసి, అలవాటు చొప్పున తుడవడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి నా అంచుదాకా వచ్చి ఆగింది.

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, చాలాసేపు అలాగే నుంచున్నాడు. ఏమీ చెయ్యకుండా ఉండడం అతనికి ఇప్పుడు వచ్చింది. తరవాత గేటు తీశారు, జనంతోపాటు అతనూ పట్టాలు దాటి వెళ్లిపోయాడు.